బంగారి తల తిప్పిన వీడియో

ఎనిమిదో తరగతి నేను మూడుసార్లు చదివాను. ఆ తరగతి అంటే నాకంత ఇష్టం. నాలుగోసారి కూడా కూర్చుందామనుకుంటే లెక్కల మాస్టారు మా నాన్నను పిలిపించి, "వీడికి పాఠం ఎక్కట్లేదు గానీ వీడి జోకులు క్లాసంతటికీ ఎక్కేస్తున్నాయండి, తీసుకుపోండి" అన్నారు. అలా చదువు నన్ను వదిలించుకుంది. కొవ్వూరులో ఒక ఫోటో స్టూడియోలో చేరి కెమెరా పట్టడం నేర్చుకుని, తర్వాత సొంతంగా స్టూడియో పెట్టుకున్నాను. పెళ్ళిళ్ళు, ఓణీల ఫంక్షన్లు, పాస్‌పోర్టు సైజులు. ఇప్పుడు రాసేది మాత్రం 2023లో అదే ఊళ్ళో ఒక కుక్కకి నేను తీసిన వీడియో సంగతి. మా పని ఎలా ఉంటుందో తెలుసుకోవాలనుకునేవాళ్ళకి పనికొస్తుందని రాస్తున్నాను. నవ్విస్తానని మాటివ్వను. ఆ వీడియో గుర్తొస్తే నాకే నవ్వు రాదు.

ముందు మా పనిలో ఒక అలవాటు చెప్పాలి. మా స్టూడియోకి అన్నం పెట్టింది పెళ్ళి ఫోటో కాదు, పెళ్ళికి ముందు ఫోటో. సంబంధాలవాళ్ళకి పంపేది. అమ్మాయి గానీ అబ్బాయి గానీ స్టూలు మీద కూర్చోగానే నేను అడిగే మొదటి మాట, "ఏ వైపు నించి తియ్యమంటారండి?" అని. ప్రతి మొహానికీ ఒక మంచి వైపు ఉంటుంది. రెండో వైపు ఓ మచ్చో, ఓ ఎత్తు పన్నో ఉంటుంది. మంచి వైపు నుంచి తీసి, మిగిలింది కంప్యూటర్లో సర్దుతాం. ఈ సర్దడాన్నే రీటచింగ్ అంటారు. నలుపును చామనఛాయలోకి, చామనఛాయను ఎరుపులోకి జరుపుతాం. కళ్ళజోడు తీసేస్తాం, బట్టతల మీద జుట్టు మొలిపిస్తాం. దీన్ని మోసం అని ఎవరూ అనరు. ఇచ్చేవాళ్ళు అనరు. పుచ్చుకునేవాళ్ళూ అనరు, వాళ్ళ అబ్బాయి ఫోటో కూడా నా దగ్గరే చేయించుకుని ఉంటారు కాబట్టి.

ఇలా ఉండగా ఒకరోజు వరలక్ష్మి గారు ఫ్లెక్సీ కొట్టించుకోవడానికి వచ్చారు. ఆవిడ పశువుల ఆసుపత్రిలో కాంపౌండరుగా పనిచేసి రిటైరయ్యారు. ఊరి చివర మూతపడ్డ కోళ్ళఫారం షెడ్డులో, రోడ్డు మీద దెబ్బలు తిన్న కుక్కల్ని చేరదీసి, బాగుచేసి, పెంచుకుంటామన్నవాళ్ళకి ఇస్తుంటారు. ఫోన్లో ఆవిడ తీసిన ఫోటోలు చూపించారు. కుక్కలన్నీ ఊచల వెనక నిలబడి, ఫ్లాషుకి కళ్ళు పచ్చగా వెలుగుతూ ఉన్నాయి.

"ఇవి దత్తత ఫోటోలాండీ, పోలీస్ స్టేషన్లో పాత నేరస్తుల బోర్డాండీ?" అన్నాను.

"నీ ఎటకారం తర్వాత సత్తిబాబూ. ఆరు నెలల్నించి ఆన్‌లైన్లో మా పేజీలో పెడతన్నాను. ఒక్కదాన్నీ ఎవరూ అడగట్లేదు. ఫ్లెక్సీ కడితేనన్నా చూస్తారేమోనని."

"ఫ్లెక్సీ వద్దండి. నన్ను రానివ్వండి. పెళ్ళిళ్ళు కుదిర్చే చెయ్యండి ఇది."

మర్నాడు పొద్దున్నే షెడ్డుకి వెళ్ళాను. ఆ తర్వాత రెండు నెలలు, మనస్ఫూర్తిగా చెబుతున్నాను, మంచి పనే చేశాను. ఒక్కో కుక్కకీ ఆన్‌లైన్లో పెట్టే ఫోటో, పేరు, నాలుగు వాక్యాల పరిచయం, ఈ మూడూ కలిపి లిస్టింగ్ అంటారు. కుక్కను పైనుంచి తీస్తే భయపడ్డ జంతువులా ఉంటుంది. నేల మీద బోర్లా పడుకుని దాని కళ్ళ ఎత్తు నుంచి తీస్తే మనిషిలా చూస్తుంది. ఎండ ముదరకముందు, ఊచలు లేని చోట, లెన్సు పక్కన బిస్కట్టు పట్టుకుని తీయాలి. "ఆరోగ్యంగా ఉంది, టీకాలు వేశాం" అని రాస్తే ఎవరూ ఆగరు. "చెప్పుల పక్కనే పడుకుంటుంది, ఒక్క చెప్పూ కొరకదు" అని రాస్తే ఆగుతారు. నా చొక్కాలన్నీ పేడా బురదా అయ్యాయి గానీ, షెడ్డు సగం ఖాళీ అయింది. వరలక్ష్మి గారు నన్ను చూసి మొట్టమొదటిసారి నవ్వారు. ఆ నవ్వు నాకు బాగా ఎక్కింది.

మిగిలినవాటిలో ఒకటి బంగారి. తెల్లటి కుక్క, ఒంటి మీద ఒక్క మచ్చ లేదు, కాటుక పెట్టినట్టు కళ్ళు. అంత అందమైన కుక్క ఆ షెడ్డులోకి మళ్ళీ రాలేదు. దానికి మంచి వైపు వెతకక్కర్లేదు, అన్ని వైపులా మంచి వైపే. లోపం ఎక్కడుందంటే ఫోటోలో పడని చోట ఉంది. దానికి పుట్టుచెవుడు. వెనక పళ్ళెం జారి పడ్డా చెవి కదిలేది కాదు.

"చెవుడని రాయి," అన్నారు వరలక్ష్మి గారు.

"రాస్తే ఎవరు తీసుకుంటారండి? ముందు ఓ ఇంటికి చేరనివ్వండి. నాలుగు రోజులుంటే అలవాటైపోద్ది, ఎవరూ వదలరు."

"కుక్కలకి నీ పెళ్ళిళ్ళ పేరయ్య తెలివి వద్దు. రాయి అన్నాను."

రాస్తానన్నాను. ఆ వారమే ఆవిడ కంటి ఆపరేషన్‌కి రాజమండ్రి వెళ్ళి, మూడు వారాలు అక్కగారింట్లో ఉండిపోయారు. ఫోన్ చూడకూడదన్నారట డాక్టరు. పేజీ నా చేతికొచ్చింది.

బంగారికి ఫోటో చాలదు, రీలు చేయాలనిపించింది. రీలు అంటే నిమిషం లోపు వీడియో, ఫోన్లో వేలితో తోస్తూ చూసేది. దాన్ని గడ్డిలో కూర్చోబెట్టాను. పక్కనుంచి బిస్కట్టు ఊపితే అది ఠపీమని తల తిప్పి నా వైపు చూసింది. ఆ చూపు ఎంత బాగుందో చెప్పలేను. తర్వాత స్టూడియోలో కూర్చుని మిక్సింగ్ చేశాను. పెళ్ళి వీడియోల్లో మేం ఎప్పుడూ చేసే పనే. తాళి కట్టే సమయానికి మేళం సరిగా పడకపోతే, వేరే చోట మోగిన మేళం తెచ్చి అక్కడ అతికిస్తాం. అలాగే మైకులో "బంగారీ!" అని నేనే ముద్దుగా పిలిచి, ఆ పిలుపును సరిగ్గా తల తిప్పడానికి అర క్షణం ముందు అతికించాను. ఎవరు చూసినా, పిలిచారు, పలికింది. కింద ఇలా రాశాను: "బంగారి. ఒక్క పిలుపు చాలు."

ఆ మూడు మాటలు రాసి నన్ను నేనే మెచ్చుకున్నాను.

రెండో రోజు నరసాపురం నుంచి ఒకావిడ మెసేజి పెట్టారు. పేరు రత్నం. ఇంట్లోనే లేసు అల్లుతారట. ఆవిడ మెసేజి ఇప్పటికీ నా ఫోన్లో ఉంది, తీసేయలేదు. "వందనాలండి. నాకు వినికిడి బాగా తక్కువ. ఫోన్ చేయకండి, మెసేజి పెట్టండి. ఇంట్లో నేనూ మా అమ్మా ఉంటాం. అమ్మకి మోకాళ్ళ నొప్పులు. లోపలి నుంచి పిలిస్తే నాకు తెలియదు. అందుకే పది నిమిషాలకోసారి లేచి చూసి వస్తుంటాను, లేసు సాగదు. కుక్క అయితే పిలుపు విని లేస్తుంది, దాన్ని చూసి నాకు తెలుస్తుందని. మీ వీడియోలో మాటలు నాకు తెలియలేదు గానీ, పేరు పెట్టి పిలవగానే చూసిందని అమ్మ చెప్పింది. నిజంగా పిలిస్తే లేస్తుందాండి?"

ఇంతకన్నా స్పష్టంగా ఎవరూ అడగరు. అవునో కాదో ఒక్క మాట చెప్పాలి. నేను ఏం రాశానంటే: "లేవడమేంటండి, మా ఆవిడ కంటే ముందే లేస్తుంది!" చివర రెండు నవ్వే బొమ్మలు.

ఇది అబద్ధం అని ఆ రోజు నేను ఒప్పుకునేవాణ్ణి కాదు. జోకు కదా అనేవాణ్ణి. చిన్నప్పట్నుంచీ నా పద్ధతి అది. ఇబ్బంది పెట్టే ప్రశ్న వస్తే జోకు వేస్తాను, అడిగినవాళ్ళు నవ్వి ఊరుకుంటారు, నేను జవాబు చెప్పలేదని ఎవరికీ గుర్తుండదు. లెక్కల మాస్టారి దగ్గర మొదలైన అలవాటు. రత్నం గారు నవ్వలేదు. జోకును జవాబుగా తీసుకున్నారు. "సంతోషమండి. దేవుడు మిమ్మల్ని దీవించాలి" అని రాశారు.

ఇంకో సంగతి రాయకుండా దాటేద్దామని చూశాను గానీ, అది రాయకపోతే మిగతాదంతా రాసి దండగ. ఆ సాయంత్రం టీ కొట్టు దగ్గర ఈ సంబంధం గురించి చెప్పాను. "అమ్మాయికీ వినపడదు, కుక్కకీ వినపడదు. జాతకాలు భలే కలిశాయిరా" అన్నాను. నలుగురు నవ్వారు. వాళ్ళు నవ్వారని ఇంకోసారి చెప్పాను.

బంగారిని నేను తీసుకెళ్ళలేదు. పెళ్ళి సామాను దింపడానికి నరసాపురం వెళ్తున్న వ్యాను డ్రైవరుతో పంపించాను. నాకు పనుందని చెప్పాను గానీ పని లేదు. వెళ్తే ఆవిడ మొహం చూడాల్సి వస్తుంది, అంతే.

పన్నెండు రోజులు మెసేజీలు లేవు. అలవాటైపోయి ఉంటుంది అనుకున్నాను. పదమూడో రోజు మధ్యాహ్నం వచ్చింది. "అమ్మ నిన్న దొడ్లో జారి పడిందండి. చెయ్యి విరిగింది. కట్టు వేశారు. బంగారికి వినపడదు. మీకు ముందే తెలుసా?"

స్టూలు మీద ఒక కుర్రాడు పాస్‌పోర్టు ఫోటోకి గెడ్డం ఎత్తి కూర్చుని ఉన్నాడు. వాణ్ణి అలాగే ఉండమని, ఫోన్ పట్టుకుని బయటికొచ్చాను. మొదట ఒక జోకు టైపు చేశాను. అది ఏ జోకో ఇక్కడ రాయను. చెరిపేశాను. తర్వాత, "అయ్యో, తెలియదండి, షెడ్డులో బాగానే పలికేది" అని రాసి పంపించాను.

అంటే రెండోసారి. ఈసారి నవ్వే బొమ్మలు కూడా లేకుండా.

లోపలికొచ్చేసరికి ఆ కుర్రాడు ఇంకా గెడ్డం ఎత్తే ఉన్నాడు. వాడి ఫోటో తియ్యకుండానే రేపు రమ్మన్నాను. ఎప్పుడూ అలా జరగలేదు. "అన్నా, జొరమా?" అన్నాడు వాడు. షట్టరు దించి మా పాత ఓమ్ని వ్యాను తీశాను.

తణుకు దాటేదాకా ఏం చెప్పాలో ఆలోచించాను. పాలకొల్లు దాటాక, చెప్పకుండా కుక్కను తెచ్చేసుకోవడం ఎలాగో ఆలోచించాను.

రత్నం గారిది వీధి వైపు పొడుగాటి వరండా ఉన్న పెంకుటిల్లు. వరండాలో వెలుతురు బాగుంటుంది, లేసు పనికి అదే కావాలి. ఆవిడ కింద చాప మీద కూర్చుని ఉన్నారు. నలభై దాటి ఉంటాయి. చెవి వెనక మిషను, ఒళ్ళో తెల్లటి లేసు, చేతిలో క్రోషా సూది. బంగారి ఆవిడ కాళ్ళ దగ్గర పడుకుని ఉంది. నా వ్యాను ఆగినా లేవలేదు. నేను మెట్టెక్కగానే అరుగు అదిరినట్టుంది, చివాలున లేచి నన్ను చూసి తోక ఊపేసింది. బిస్కట్టు ఇచ్చిన చెయ్యి కదా, గుర్తుపట్టింది.

"నేనండి, సత్తిబాబుని. కొవ్వూరు నించి," అన్నాను.

ఆవిడ నా పెదాల వైపు చూసి, తల ఊపి, లోపలికి చెయ్యి చూపించారు. గుమ్మం పక్కన మంచం మీద వాళ్ళమ్మగారు. మోచేతి దాకా కట్టు. డెబ్బై పైనే ఉంటాయి. నా గొంతు వినగానే ఆవిడ మొహం వికసించింది.

"వీడియోలో బంగారీ అని పిలిచింది మీరే కదా బాబూ?"

"ఆయ్," అన్నాను.

"గుర్తుపట్టేశాను. ఎంత ముద్దుగా పిలిచారో. నేనూ అచ్చం అలాగే పిలిచానండి నిన్న. రత్నానికి ఎలాగూ వినపడదు కదా, దాన్నే పిలిచాను. బంగారీ, బంగారీ అని. మీరన్నట్టే సాగదీసి. నా గొంతు ముసలి గొంతు, తెలియలేదేమో దానికి." ఆవిడ నవ్వారు. "లేసు తీసుకెళ్ళే ఏజెంటమ్మ వచ్చి చూసిందాకా పిలుస్తానే ఉన్నాను. ఎండ అంచు తొట్టి కాణ్ణించి గోడ ఎక్కేసింది."

అక్కడ గడియారం లేదు, ఆవిడ నీడతో లెక్క చెప్పారు. నేను రోజూ వెలుతురు చూసుకుని బతికేవాణ్ణి. తొట్టి దగ్గర్నుంచి గోడ మీదికి ఎండ ఎక్కాలంటే ఎంతసేపు పడుతుందో నాకు తెలుసు.

వరండాలోకి వచ్చాను. రత్నం గారు సూది పక్కన పెట్టి నా వైపు తిరిగారు.

"అమ్మ ఏం చెప్పిందండి?"

"బంగారిని పిలిచానని చెప్పారు."

"నేను ఇక్కడే ఉన్నాను. ఇది ఇక్కడే ఉంది. ఇంతకుముందైతే పది నిమిషాలకోసారి వెళ్ళి చూసేదాన్ని. ఇది వచ్చాక మానేశాను. ఇది లేస్తుంది కదా అని." ఆవిడ గొంతు కొంచెం గట్టిగా, ఎత్తుపల్లాలు లేకుండా ఉంటుంది. కోపమో కాదో తెలియదు. "మీకు తెలియదన్నారు కదా. డాక్టరుగారికి చూపిద్దామనుకున్నాను, మధ్యలో వచ్చిన చెవుడేమోనని."

ఆవిడతో మాట్లాడాలంటే మొహంలోకి చూసి మాట్లాడాలి. గొణగడానికి లేదు, తల పక్కకి తిప్పి అనేసి పోవడానికి లేదు. జోకుకి వేగం కావాలి, అక్కడ వేగం పనికిరాదు. ఒక్కో మాటా పెదవి కదిలేలా నెమ్మదిగా అనాలి. నా బతుకులో అంత నెమ్మదిగా ఎప్పుడూ మాట్లాడలేదు.

"తెలుసండి," అన్నాను.

నోరు సరిగ్గా తెరవలేదు కాబోలు, ఆవిడకి అందలేదు. "మళ్ళీ చెప్పండి."

"నాకు ముందే తెలుసండి. దానికి పుట్టుచెవుడు. వీడియోలో పిలుపు తర్వాత అతికించాను. మీరు అడిగినప్పుడూ తెలుసు. ఇందాక మీ మెసేజికి తెలియదన్నది కూడా అబద్ధం."

ఆవిడ తిట్టలేదు. తిడితే బాగుండును. తిట్టేవాళ్ళతో ఎలా వేగాలో నాకు బాగా తెలుసు. ఆవిడ ఫోన్ తీసి ఆ రీలు పెట్టారు. వేలితో ఆపుతూ, వెనక్కి జరుపుతూ చూపించారు.

"చూడండి. పిలుపు వింటే కుక్కకి ముందు చెవులు లేస్తాయి, తర్వాత తల తిరుగుద్ది. ఇందులో తల తిరిగింది, చెవులు లేవలేదు. కట్టు వేయించుకుని వచ్చాక చూశాను. ముందే చూసుకోవలసింది. తప్పు నాది కూడా."

"మీది కాదండీ," అన్నాను. గట్టిగానే అన్నాను, బంగారికి తప్ప వీధికంతా వినపడేట్టు.

ఆవిడ ఫోన్ పక్కన పెట్టి అన్నారు: "నాకు సంబంధాలు చూసేటప్పుడు ఇక్కడ ఒకాయన ఫోటో తీశాడండి. ఇంటికి తెచ్చాక చూస్తే చెవి వెనక మిషను లేదు. శుభ్రంగా చెరిపేశాడు. మా నాన్న సంతోషించాడు. పెళ్ళివాళ్ళు వచ్చారు, కూర్చున్నారు, కాఫీ తాగుతూ ఏదో అడిగారు. నేను పలకలేదు." లేసు ఎత్తి దారం చూసుకున్నారు. "వాళ్ళు వెళ్ళిపోయినందుకు బాధలేదు. వాళ్ళు నన్ను చూసి వెళ్ళలేదు కదా, ఫోటో మీద కోపంతో వెళ్ళారు. ఇది కూడా అంతేనండి. నాకు దీని మీద కోపం లేదు. కానీ నాకు కావలసింది ఇది కాదు."

ఆ ఫోటో తీసింది నేను కాదు. అయితే ఏంటి? చెవి మిషన్లు నేనెన్ని చెరిపానో నాకు లెక్క లేదు. అది మాకు రెండు నిమిషాల పని, విడిగా డబ్బు కూడా తీసుకోం.

బంగారిని వ్యానులోకి ఎక్కిస్తుంటే ఆవిడ నోటుపుస్తకంలోంచి ఒక కాగితం చింపి ఇచ్చారు. పన్నెండు రోజుల్లో దాని గురించి ఆవిడకి తెలిసినదంతా గుండ్రటి అక్షరాలతో రాసి ఉంది. "చెవులు బొత్తిగా వినపడవు. నేలను కాలితో తడితే తెలుసుకుంటుంది. నిద్రలో వెనక నుంచి ముట్టుకోవద్దు, ఉలిక్కిపడుతుంది. ముందుకొచ్చి చెయ్యి చూపితే చాలు. అరచెయ్యి కిందకి దించితే కూర్చుంటుంది. వేళ్ళు ముడిస్తే వస్తుంది. పెద్ద చప్పుళ్ళకి బెదరదు. మనిషి కళ్ళలోకి చూస్తూ ఉంటుంది." రెండు నెలలు నేను రాసిన లిస్టింగులన్నీ కలిపినా ఇందులో సగం నిజం లేదు.

దారిలో బంగారి వెనక సీటు మీద నిలబడి, అద్దంలో నా కళ్ళలోకి చూస్తూ వచ్చింది. నిడదవోలు దగ్గర అద్దం పక్కకి తిప్పేశాను.

వరలక్ష్మి గారు కంటికి నల్లద్దాలతో తిరిగొచ్చారు. అంతా చెప్పాను. విని, ఆవిడ అద్దాలు తీశారు. "డాక్టరు నన్ను ఏడవద్దన్నాడు. లేకపోతే ఇక్కడే ఏడ్చేదాన్ని. పేజీ నీకిచ్చి పోయిన దాన్ని నేను. పద, ముందు ఆవిడకి నేను రాయాలి" అన్నారు. తర్వాత వారం రోజులు నాతో మాట్లాడలేదు. అయినా షెడ్డుకి రావద్దని అనలేదు.

బంగారికి కొత్త వీడియో చేశాను. మిక్సింగ్ లేదు. దాని వెనక నిలబడి గట్టిగా చప్పట్లు కొట్టాను, అది కదల్లేదు. కాలితో నేలను తన్నాను, తిరిగి చూసింది. కింద రత్నం గారి మాటలు ఒక్క అక్షరం మార్చకుండా పెట్టాను. వారం తిరక్కుండా తణుకు దగ్గర ఒక రైసు మిల్లాయన ఫోన్ చేశాడు. "మా మిల్లు రొదకి ఏ కుక్కా నిలబడట్లేదండి. మూడు పారిపోయాయి. చప్పుడికి బెదరదని రాశారు, నిజమేనా?" ఏదో నాలిక చివరిదాకా వచ్చింది. మింగేసి, "నిజమేనండి. మీరొచ్చి చూసుకున్నాకే తీసుకెళ్ళండి" అన్నాను. వచ్చి చూసుకున్నాడు. తవుడు బస్తాల మీద పడుకుని ఉన్న బంగారి ఫోటో అప్పుడప్పుడూ పంపిస్తుంటాడు.

అప్పట్నుంచి మా పేజీలో లోపం మొదటి వాక్యం. ఇది నేను కనిపెట్టిన కిటుకు కాదు, నాకు పడ్డ శిక్ష. కానీ చేస్తూ ఉంటే ఒకటి అర్థమైంది. లోపం దాస్తే అందరూ ఆగి చూస్తారు, ఎవరికి కావలసిన కుక్క వాళ్ళకి దొరకదు. లోపం రాస్తే చాలామంది దాటిపోతారు, ఆగే ఒక్కరూ దానికోసమే ఆగుతారు. షెడ్డులో మైకు అని ఒక కుక్క ఉండేది. గోధుమరంగు, ఒక చెవి చిరిగింది. ఆకు రాలినా అరుస్తుందని ఇద్దరు తీసుకెళ్ళి ఇద్దరూ వెనక్కి తెచ్చారు. దాన్ని ఫోటోకి కూడా పనికిరాదని పక్కన పెట్టింది నేనే. ఇప్పుడు ఇలా రాశాను: "ఊరికే అరుస్తుంది. ఇంట్లో ఎవరు పిలిచినా, గేటు కదిలినా, గిన్నె పడినా లేచి మనిషి దగ్గరికొచ్చి అరుస్తుంది. ప్రశాంతత కావాలనుకునేవాళ్ళు దయచేసి వద్దు."

ఆ రాత్రికే రత్నం గారి మెసేజి. "నిజంగా అరుస్తుందా?"

"నా మాట నమ్మకండి. వచ్చి చూసుకోండి," అని రాశాను.

ఆదివారం ప్రార్థన అయ్యాక బస్సెక్కి వచ్చారు. షెడ్డులో ఒక మూల కూర్చుని మైకునే చూస్తూ ఉన్నారు. వరలక్ష్మి గారు వెనక గదిలోంచి సన్నగా పిలిచారు, ముసలమ్మగారి గొంతులా. చిరగని చెవి నిటారుగా లేచింది. చిరిగింది కూడా లేవబోయింది. తర్వాత తల తిరిగింది. తర్వాత అది పరుగెత్తుకొచ్చి రత్నం గారి మోకాలి మీద కాళ్ళు పెట్టి, మిషనులో పడేట్టు అరిచింది. రత్నం గారు చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని నవ్వారు. ఇంకో రెండుసార్లు పరీక్ష పెట్టారు. రెండుసార్లూ నా వైపు చూడనే లేదు, కుక్క చెవుల వైపే చూశారు. నేను అందులో ఎక్కడా లేను. అలా ఉండటమే బాగుంది.

వెళ్ళేముందు మైకుతో కలిపి ఆవిడకి ఒక ఫోటో తీయాలి. ఇల్లు దొరికిన ప్రతి కుక్కకీ అలా తీసి పేజీలో పెడతాం. గుమ్మం దగ్గర వెలుతురులో నిలబెట్టాను. నేల మీద పడుకుని కెమెరా సర్దుకుంటూ, ఇన్నేళ్ళ అలవాటు కదా, ఆలోచించకుండానే నోట్లోంచి వచ్చేసింది.

"ఏ వైపు నించి తియ్యమంటారండి?"

అన్నాక గానీ నేనేం అడిగానో నాకు తెలియలేదు. కెమెరా వెనక మొహం దాచుకున్నాను. ఆవిడకి నా పెదాలు కనబడి ఉండవు అనుకున్నాను. కనబడ్డాయి.

"మిషను ఉన్న వైపు నించి తియ్యండి," అన్నారు రత్నం గారు. "తీశాక మీ కంప్యూటరు దాకా పోనివ్వకుండా, ఇక్కడే కెమెరాలో నాకు చూపించండి."